బుంగో తినొచ్చి చెప్పండి

పద్మనాభం గారింటికి పళ్ళు లేకుండా వచ్చిన మనిషిని నేను చూళ్ళేదు. పెద్దాయన, పైగా ఒంట్లో బాగాలేని మనిషి. అలాంటి ఇంటికి చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని షికాగో పక్కనున్న అరోరాలో తెలుగువాళ్ళందరూ అరటిపళ్ళో, నారింజపళ్ళో పట్టుకునే వచ్చేవారు. రెండు కిడ్నీలూ పోయి డయాలిసిస్ మీద బతుకుతున్న మనిషికి ఆ పళ్ళే విషం. వాటిలోని పొటాషియం ఒంట్లోంచి బయటికి పోదు, గుండెని పట్టుకుంటుంది. ఈ సంగతి తెలీక కాదు. వచ్చేవాళ్ళలో సగం మంది డాక్టర్లే. చెయ్యి ఊరుకోదు, అంతే.

ఆ పళ్ళన్నీ నేను తిన్నాను. కాలేజీ మధ్యలో మానేసి, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవక, చివరికి పేషెంట్లని డయాలిసిస్ సెంటర్‌కి దింపి తెచ్చే వ్యాన్ నడుపుతున్న రోజులవి. 2011. పద్మనాభం గారిని ఎక్కించుకోడానికి వెళ్ళినప్పుడల్లా వాళ్ళమ్మాయి ప్రమోద గారు గుమ్మంలోనే ఒక సంచీ నా చేతిలో పెట్టేవారు.

"శ్రీవత్సా, నాన్న కంటబడకుండా తీసుకుపో."

ఆయన కంటబడకుండా పండు దాటడమా! సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోకముందే అడిగేవారు.

"ఇవాళేంటోయ్?"

"అరటిపళ్ళంకుల్."

"ఎలాంటివి?"

"ఎలాంటివేంటి? అరటిపళ్ళు."

"నిన్ను కాలేజీ వాళ్ళు పంపించేశారా, నువ్వే వచ్చేశావా?"

"నేనే వచ్చేశా."

"వాళ్ళే పంపించేసి ఉంటారు" అని కిటికీ వైపు తిరిగేవారు.

ఆయనది పిఠాపురం. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, టాంజానియాలో టీచర్లు కావాలన్న ప్రకటన చూసి, కొత్త పెళ్ళికూతురు ఉమామహేశ్వరి గారిని వెంటబెట్టుకుని టాంగా అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళారు. రెండేళ్ళ కాంట్రాక్టు. పద్దెనిమిదేళ్ళున్నారు. అన్నేళ్ళెందుకున్నారంకుల్ అని అడిగితే జీతం సంగతి చెప్పరు, స్కూలు సంగతి చెప్పరు. "పళ్ళోయ్, పళ్ళు" అనేవారు.

లక్ష్మణఫలాన్ని అక్కడ స్టఫేలి అంటారట. పనసని ఫెనెసి అంటారట. స్కూలు గేటు దగ్గర పచ్చిమామిడి ముక్కలకి ఉప్పూ కారం అద్ది అమ్మేవాళ్ళట, అచ్చం పిఠాపురంలోలాగే. ఇవన్నీ ఒక ఎత్తు, బుంగో ఒక ఎత్తు. అడవితీగకి కాసే పండు. నారింజపండంత ఉంటుంది, తొక్క మాత్రం చెక్కలా గట్టి. పగలగొడితే లోపల గింజల చుట్టూ పసుపుపచ్చని గుజ్జు. అందరూ దాన్ని జ్యూస్ చేసుకుంటే ఉమామహేశ్వరి గారు పప్పులో వేశారు. మామిడికాయ దొరకని రోజుల్లో బుంగో పప్పు. పక్కింటి హెడ్మాస్టర్ గారి భార్య గిన్నె పట్టుకుని వచ్చి మరీ అడిగి పెట్టించుకునేదట.

ఉమామహేశ్వరి గారు పోయి చాలాకాలమైంది. ప్రమోద గారు టాంగాలోనే పుట్టారు గానీ చిన్నప్పుడే కాకినాడలో హాస్టల్లో వేశారు. "నాకు గుర్తున్నది ఆ హాస్టల్ సాంబారొక్కటే శ్రీవత్సా" అంటారావిడ.

ఒక రోజు డయాలిసిస్ అయ్యాక తీసుకొస్తుంటే ఆయన మామూలుకన్నా నీరసంగా ఉన్నారు. నోట్లో ఐసుముక్క వేసుకుని చప్పరిస్తున్నారు. నీళ్ళు కూడా కొలతే కదా ఆయనకి.

"బుంగో పోయిందోయ్" అన్నారు.

"ఎక్కడికి?"

"నా నోట్లోంచి. ఏం తిన్నా తుప్పుపట్టిన ఇనుం నాకినట్టుంది. అయినా తల్చుకుంటే ఆ రుచి వచ్చేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు పేరుంది, రంగుంది, వేళ్ళకి జిగురంటుకోడం కూడా గుర్తుంది. రుచి లేదు."

"టాంగాలో మీ పాతవాళ్ళెవరికైనా ఫోన్ చేసి అడగొచ్చుగా?"

"నా పాత స్టూడెంటుకి చేశాను. బుంగో బుంగోలా ఉంటుంది మాస్టారూ అని నవ్వాడు. వాడికి చింతకాయ తెలుసుగానీ మా ఇంటి చింతకాయ పచ్చడి తెలీదు. ఉసిరావకాయ తెలీదు. మన నాలిక ఉన్నవాడు తినాలి. తినొచ్చి ఇదుగో, ముందు చింతకాయలా తగిలింది, తర్వాత పనసలా అయింది అని చెప్పాలి. ఆ కాస్త అందిస్తే మిగతాది నేను లాక్కుంటాను."

షికాగో చుట్టుపక్కల ఆఫ్రికన్ స్టోర్లన్నీ తిరిగాను. దొరకలేదు. దొరికినా ఆయన తినకూడదు, తిన్నా ఆ నోటికి తెలీదు. ఎందుకు తిరిగానో నాకే తెలీదు.

అలాంటప్పుడు రాకేష్ గారూ శ్రీవిద్య గారూ టాంజానియా సఫారీ బుక్ చేసుకున్నారు. భార్యాభర్తలు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఎవరు అటు వెళ్తున్నా ముందు పద్మనాభం గారి దగ్గరికి రావడం మామూలే. వచ్చారు. చేతిలో నారింజపళ్ళ సంచీ. ఆయన ఆ సాయంత్రం కొత్త చొక్కా వేసుకున్నారు. కోసిపెట్టిన ముక్కలు కొనొద్దు, కాయ కొనుక్కుని మీరే కోసుకోండి అన్నారు. స్టఫేలి మెత్తబడితేనే తినాలన్నారు. గంట సేపు చెప్పారు. శ్రీవిద్య గారు అంతా ఫోన్‌లో టైప్ చేసుకున్నారు.

"మీకేం తెమ్మంటారంకుల్?" అన్నారు రాకేష్ గారు.

"ఏమీ తేవద్దు. బుంగో ఒక్కటి తినిరండి. జాంజిబార్‌లో అడిగితే ఎవరైనా ఇస్తారు. తినొచ్చి నాకు ఎలా ఉందో చెప్పండి. అంతే నేను కోరేది."

"అంతేనా! కడుపునిండా తినొచ్చి చెప్తాం."

వాళ్ళు వెళ్ళిన రెండు వారాలూ నా వ్యాన్‌లో టాంజానియాయే. "ఇవాళ అరూషాలో ఉంటారు." "ఇవాళ సింహాలు." "రేపు జాంజిబార్ దిగుతారోయ్." సెంటర్‌లో నర్సు కూడా అడిగింది, ఈయన ఇవాళ ఇంత హుషారుగా ఉన్నాడేంటని.

వాళ్ళు తిరిగొచ్చి ఇంటికి వస్తున్నామన్న శనివారం ఆయన నన్నూ రమ్మన్నారు. "నువ్వు కూడా విను. రేపు నేను మర్చిపోతే నువ్వు చెప్పాలి."

పెద్ద పళ్ళబుట్ట తెచ్చారు. రంగుకాగితం చుట్టి, రిబ్బన్ కట్టి. అరటి, నారింజ, కివి. ప్రమోద గారు నా వంక చూశారు. రాకేష్ గారు లాప్‌టాప్ తెరిచి ఫొటోలు మొదలుపెట్టారు. సింహం. సింహం నిద్ర. సింహం పిల్లలు. జిరాఫీ. పద్మనాభం గారు ప్రతిదానికీ బావుంది బావుంది అన్నారు. చిన్నపిల్లాడిలా కుర్చీ అంచుమీద కూర్చున్నారు. ఏనుగుల దాకా ఓపికపట్టి అడిగారు.

"బుంగో?"

శ్రీవిద్య గారు నాలిక కరుచుకున్నారు. "అయ్యో అంకుల్. ట్రావెల్ క్లినిక్‌లో బాగా భయపెట్టారు. బయట తిండి జాగ్రత్తన్నారు. మా దగ్గర చిన్న రైస్ కుకర్ ఉంది కదా. ఉప్మా మిక్స్, పులిహోర పేస్ట్, గోంగూర, అన్నీ పట్టుకెళ్ళాం. ట్రిప్పంతా ఒక్క పూట కూడా కడుపునొప్పి లేదు!"

"పండు కోసుకుని తినొచ్చని చెప్పానుగదమ్మా."

"రిస్క్ ఎందుకని."

"ఆగు ఆగు" అన్నారు రాకేష్ గారు. "జాంజిబార్‌లో హోటల్ వాళ్ళు వెల్‌కమ్ డ్రింక్ ఇచ్చారు చూడు. ఆరెంజ్ కలర్‌లో. బుంగో అనే కదా అన్నారు?"

ఆయన లేచి నిలబడ్డారు. "అదే! అదేనయ్యా! ఎలా ఉంది?"

"ఐస్ వేశారంకుల్. అక్కడి నీళ్ళతో చేసిన ఐస్. పక్కన పెట్టేశాం. ఫొటో ఉంది, ఉండండి."

ఫొటో చూపించారు. బల్ల మీద నిండుగా రెండు గ్లాసులు. వెనకాల సముద్రం. గ్లాసులకి చెమట కూడా పట్టింది. పద్మనాభం గారు తెర దగ్గరికి వంగి చూశారు. చాలాసేపు చూశారు. నాకు రాకేష్ గారిని కొట్టాలనిపించింది. కొట్టి ఏం చెయ్యను? మంచివాళ్ళు. ఆయన మీద ప్రేమతోనే వచ్చారు, ప్రేమతోనే బుట్ట తెచ్చారు.

"వాసనైనా చూశారా?" అన్నారాయన.

రాకేష్ గారు లాప్‌టాప్ మూసేశారు.

"ఈసారి ష్యూర్‌గా అంకుల్" అన్నారు శ్రీవిద్య గారు.

వాళ్ళు వెళ్ళాక ప్రమోద గారు బుట్ట నా చేతికిచ్చి, "నాన్నా, పడుకుంటారా?" అని అడిగారు. ఆయన వినలేదు.

"శ్రీవత్సా, అది విప్పు" అన్నారు.

"నాన్నా!"

"నాక్కాదమ్మా. వాడికి."

రిబ్బన్ విప్పాను. ఆయనే వెతికి, మచ్చలు పడ్డ అరటిపండు ఒకటి తీసి నాకిచ్చారు.

"తిను. ఇక్కడే, నా ఎదురుగా."

తిన్నాను.

"ఎలా ఉంది?"

"బావుంది."

"బావుంది అని సింహాన్ని కూడా అంటారు. నాలిక మీద మొదట ఏం తగిలింది?"

"తీపి."

"ఏ తీపి? బెల్లమా? చెరుకా? పాలా?"

నాకు తెలీలేదు. ఇన్నాళ్ళూ ఈయన పళ్ళన్నీ స్టీరింగ్ దగ్గర కూర్చుని మింగాను, ఒక్కటీ ఎలా ఉందో చెప్పలేను. "తియ్యగా, మెత్తగా ఉందంకుల్" అన్నాను. నాకే సిగ్గేసింది. బుంగో దాకా ఎందుకు, రోజూ తినే అరటిపండు కూడా ఆయనకి అందించలేకపోయాను.

"ఫరవాలేదు" అన్నారు. "ఇంకోటి తిను. నెమ్మదిగా."

ఇంకోటి ఒలిచాను. ఆయన కుర్చీ నా దగ్గరికి లాక్కుని నా నోటివైపే చూస్తున్నారు. నేను నములుతున్నాను. ప్రమోద గారు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. ఆయన పెదాలు కూడా నాతోపాటు కదులుతున్నాయి. మింగకుండా వీలైనంతసేపు నోట్లోనే ఉంచుకున్నాను. మాట మాత్రం దొరకలేదు.