గోత్రం అడిగిన పిల్ల

రిటైరయ్యే ముందు చివరి రెండేళ్లు నేను సోలాపూర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో మానవశాస్త్రం చెప్పాను. బి.ఎ. చివరి ఏడాది పిల్లలు ఏదైనా ఒక పేటలో ఫీల్డ్‌వర్క్ చేసి నివేదిక ఇవ్వాలి; ఇవ్వకపోతే డిగ్రీ లేదు. అందులో మొదటి పని వంశవృక్షం గీయడం. త్రికోణం అంటే మగ, సున్నా అంటే ఆడ, ఎవరు పెట్టారో గానీ! రెండింటి మధ్య జంట గీతలుంటే పెళ్లి.

నా విద్యార్థిని శ్రావణిది తెలుగు నేతవాళ్లుండే భవాని పేట్. తండ్రి నర్సయ్య పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు, తల్లి లక్ష్మి బీడీలు చుడుతుంది. సొంత పేటే కదా అని ధీమాగా పంపాను. ఆ పిల్ల నేను నేర్పినట్టే ఇంటింటికీ వెళ్లి ఇంటిపేరు, గోత్రం, మేనమామలెవరు, పెళ్లికాని వాళ్లెవరు అని అడిగింది. మా శాస్త్రంలో ఇవి అ ఆల్లాంటివి. ఆ పేటలో మాత్రం ఈ నాలుగూ ఒకే నోట వచ్చాయంటే సంబంధం మాట్లాడుతున్నట్టే. ఇంకేముంది, నర్సయ్య బిడ్డ తన సంబంధం తానే వెతుక్కుంటోందని పేటంతా గుప్పుమంది. ఒకావిడ ఏకంగా కొడుకు ఫోటో తెచ్చి ఇచ్చిపోయింది.

నర్సయ్య చదువు బంద్ అన్నాడు. హడావిడిగా వాళ్లింటికి వెళ్లాను.

"గిదేం సదువు మేడం? ఇజ్జత్ పోయింది. రేపు దీన్ని ఎవరు చేసుకుంటరు?" అన్నాడు. నేను పరిశోధన పద్ధతుల మీద ఉపన్యాసం దంచాను. ఆయన చెవికెక్కితే ఒట్టు.

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ శ్రావణి నోరు విప్పింది. "బాపూ, నన్ను సూడనీకి వచ్చినోళ్లు గివే అడుగుతరు. ఆళ్లకు అటుకుల పోహే పెట్టి చాయ్ ఇస్తవ్. నేనడుగుతే ఇజ్జత్ పోతదా?"

లక్ష్మి ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టింది. "నన్నడుగు బిడ్డా, రాస్కో. నన్ను సూడనొచ్చిన నాడు నా నోటెంట ఒక్క మాట అడగనియ్యలే," అంది.

ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నర్సయ్య కాసేపు విని, "సరే, సదువుకో. పెండ్లికాని పోరగాళ్ల సంగతి మాత్రం అడగకు," అని బేరం పెట్టాడు. శ్రావణి నివేదికలో ఆ గడి ఖాళీగానే వచ్చింది. నేను మార్కులు తగ్గించలేదు.

ఫీల్డ్‌కు వెళ్లేవాళ్లు ప్రశ్నలు సిద్ధం చేసుకుంటారు. ఆ ప్రశ్నలు అక్కడ ఎవరు అడుగుతారో, ఎవరిని అడగనివ్వరో ముందు కనుక్కోవాలి.