చిట్టెమ్మ ఒడిలోని పంట

అల్లవరం చేలల్లో చిట్టెమ్మ కలుపు తీయబట్టి ముప్ఫయ్యేళ్ళయింది. కూలి డబ్బులు రైతు ఇస్తాడు. కలుపులో ఏరుకున్న పొన్నగంటికూర, నీటి బోదెల్లో చేతికి చిక్కిన మట్టగిడసలు, పరిగెల్లాంటి చేపలు మాత్రం కలుపుమనిషివి. కొంగు ఒడికట్టి వాటిని ఇంటికి తెచ్చుకోవడం ఎవరూ ఇచ్చిన హక్కు కాదు, ఎవరూ కాదన్నదీ కాదు. ఆమె ముగ్గురు పిల్లలూ ఆ ఒడితోనే పెరిగారు.

1981లో తిండినీ, సేద్యాన్నీ, కూలిజనం బతుకునూ కలిపి పరిశీలిస్తామంటూ ఒక బృందం వచ్చింది. ఆలోచన మంచిదే. కృష్ణమూర్తి అనే పరిశోధకుడు చిట్టెమ్మ గుమ్మంలో కూర్చుని కాగితాలు విప్పాడు.

"వారానికి చేపలు ఎన్నిసార్లు కొంటారండీ?"

"కొనమండీ."

"ఆకుకూరలు?"

"అబ్బే, అవీ కొనమండి."

రెండు గడుల్లోనూ సున్న పడింది. ఈమాత్రం అడగడానికి అంతదూరం నుంచి రావాలా అని ఆమె నవ్వుకుంది.

మరుసటి సార్వా పంటకాలంలో ఆ బృందం పంచాయతీ ఆఫీసులో నివేదిక చదివింది. కూలి కుటుంబాల తిండిలో చేపలకు చోటు లేదట. కనుక చేలల్లో కొట్టబోయే కొత్త పురుగుమందుకు చేపలు చచ్చినా వారికి నష్టం లేదట. గుమ్మంలో నిలబడి వింటున్న చిట్టెమ్మ కొయ్యబారిపోయింది. తన వంటిల్లు ఎన్నడూ ఖాళీయేనని ఎవరో సాక్ష్యం రాసినట్టుంది.

రైతు సత్తిరాజు పకపకా నవ్వాడు. "ఏమే చిట్టెమ్మా, నా చేలోంచి రోజూ మోసుకెళ్ళేవన్నీ దేవుడికి నైవేద్యం పెడుతున్నావేంటి?"

కృష్ణమూర్తి నివేదికలోంచి తల ఎత్తాడు. "కొనడం లేదని మీరే చెప్పేరు కదమ్మా!"

"కొనట్లేదని చెప్పేనండీ. తినట్లేదని చెప్పేనా బాబూ?"

కృష్ణమూర్తి నివేదికలో నష్టం లేదన్న వాక్యాన్ని కొట్టేశాడు. "మందు ఇప్పుడే వాడకండి సత్తిరాజుగారూ."

సత్తిరాజు నవ్వు ఆగిపోయింది. "నష్టం లేదని మొన్ననే నాతో అన్నారు కదండీ! పొద్దున్నే కొట్టించేసేను."

చిట్టెమ్మ చేలవైపు పరుగెత్తింది. బోదె నిండా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పక్క మడిలో కలుపు తీసే ఆడవాళ్ళు పని వదిలి వాటిని ఏరుతున్నారు. మంగాయమ్మ నిండు ఒడితో గట్టెక్కుతోంది.

"చూసేవా పిన్నీ, వంగితే చాలు, దొరికిపోతన్నాయి!"

చిట్టెమ్మ ఆమె కొంగుముడి లాగేసింది. చేపలు బురదలో పడ్డాయి.

"మతి పోయిందా పిన్నీ!"

"మందు కొట్టేరే... ఇంటికి ఎవరన్నా పట్టుకెళ్ళేరా?"

మంగాయమ్మ పేటవైపు చూసింది. "మా అత్త... ఇందాకే."

ఇద్దరూ తాముండే పేటదాకా ఆగకుండా పరుగెత్తారు. మంగాయమ్మ అత్తగారు అప్పుడే కంచాలు వేస్తోంది. పొయ్యి మీద ఉడుకుతున్న చేపల కూర చట్టిని చిట్టెమ్మ ఉత్త చేతులతో ఎత్తి, నోరు తెరిచి చూస్తున్న పిల్లల ఎదుటే పెరట్లో బోర్లించింది.