రెండో పంచరు

సైకిల్ షాపు మేస్త్రీ ఏం చెప్పినా ఆయన భార్య పదితో భాగించి వినేది. వేలికి మేకు గుచ్చుకుంటే గునపం దిగిందనేవాడు. ఎదురుగాలికి సైకిలు వెనక్కి పోయి పోయి నిన్నటి రోజులో తేలానని ఒట్టు పెట్టేవాడు. పనిలో మాత్రం కోతల్లేవు. పంచరు వేశాక ట్యూబును మళ్ళీ నీళ్ళ తొట్టిలో ముంచి, చుట్టూ తిప్పి, బుడగ రాకపోతేనే చక్రానికి ఎక్కించేవాడు. "ఒక మేకు దిగితే రెండోది దిగకూడదని రూలుందా?" అనేవాడు.

అలాంటివాడు ఒక ఉదయం స్పానరు కింద పెట్టి, ఎడమ పక్క నడుము పట్టుకుని, "కొంచెం నొప్పిగా ఉందే" అన్నాడు.

ఆ 'కొంచెం' వినగానే ఆమె ఈసారి పదితో గుణించుకుని, వెంటనే బండి పిలిచింది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. కిడ్నీ నెత్తిన టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథిలో రక్తనాళం ఉబ్బి పగిలిందట. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి రక్తం ఆపారు. "లోపలంతా నెత్తురు పేరుకుపోయి ఉందమ్మా. దాని వెనక ఏముందో ఇప్పుడు తెలీదు. రెండు నెలలకి మళ్ళీ స్కాన్‌కి తీసుకురండి" అంది డాక్టరమ్మ.

రెండు నెలలకి మేస్త్రీ గుర్రంలా తిరుగుతున్నాడు. "బిందెలకొద్దీ రక్తం పోయినా నిలబడ్డవాణ్ణి. నాకింకా స్కానెందుకే?"

ఆమె వాదించలేదు. ఆయన అప్పుడే పంచరు వేసిన ట్యూబు లాక్కుని చక్రానికి ఎక్కించబోయింది.

"ఆగవే! నీళ్ళలో ముంచలేదు!"

"గాలి నిలిచింది కదయ్యా. ఇంకా ముంచడం దేనికి?"

మేస్త్రీ వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

స్కానులో కిడ్నీ పైకొసన గడ్డ కనిపించింది. "ఈ రకం గడ్డే అరుదు. ఇదీ, ఆ పగిలిన నాళమూ ఒకే మనిషిలో ఉండటం నా సర్వీసులో చూడలేదు" అంది డాక్టరమ్మ. ముదరకముందే దొరికింది కాబట్టి గడ్డ వరకు కోసి తీసి, కిడ్నీని దక్కించారు.

షాపు తెరిచిన రోజు బెంచీ నిండా జనం.

"గడ్డ గుమ్మడికాయంత!" అన్నాడు మేస్త్రీ.

"నిమ్మకాయంత" అంది లోపల్నుంచి భార్య.

"డాక్టర్లకి దిక్కు తోచలేదు. మళ్ళీ ముంచి చూడాలన్నది నేనే!"

ఇది ఎంతకు దిగుతుందోనని అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తొట్టిలో కొత్త నీళ్ళు పోస్తూ, "అవును, ఆయన మాటే అది" అంది.

మేస్త్రీ తర్వాతి కోతను మింగేసి ట్యూబు అందుకున్నాడు.