శుక్రవారం పుట్టిన సుక్రి

మా మునిమనవరాలు శుక్రవారం పుట్టింది. ఆసుపత్రి కాగితంలో శనివారం అని రాశారు.

మా కొండవాళ్లలో ఏ వారం పుడితే ఆ వారమే పేరు. నా మనవరాలు బుధవారం పుట్టి బుదరి అయింది. తల్లీ తండ్రీ లేని పిల్ల, నేనే పెంచాను. పాడేరులో కంప్యూటర్ సెంటర్లో పని చేస్తుంది. కడుపుతో ఉన్న సంగతి కూడా ఆ భాషలోనే చెప్పింది: “తాతా, నాలోన ఒక ఫైలు డౌన్‌లోడ్ అవుతంది. తొమ్మిది నెల్లు పడతాది. మధ్యలో కరెంటు తీసీకు.” వేవిళ్లు వస్తే వైరస్ అంది. రెండో ముద్ద పెట్టబోతే స్టోరేజీ ఫుల్ అంది. “మనిసిని మిసను సేసెత్తన్నావేటే?” అని తిట్టేవాణ్ణి. తిడుతూనే ఆ మాటలన్నీ నేర్చుకున్నాను.

ఎనిమిదో నెలకు ఊరికి తెచ్చుకున్నాను. కాళ్లు వాచాయి. మామూలే అనుకున్నాం. ఒక గురువారం పొద్దున్న అంబలి తాగుతూ, “తల పగిలిపోతంది తాతా. కళ్లు మసకేత్తన్నాయి. డిస్‌ప్లే పోనాదేటో” అంది. “అయితే ఛార్జింగ్ ఎట్టుకో” అని నవ్వాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ పొడుస్తుంది. మధ్యాహ్నం గుమ్మం కనబడక గోడకు గుద్దుకుంది. అప్పుడు జీపు కోసం పరిగెత్తాను.

పాడేరు ఆసుపత్రిలో చూస్తే బీపీ నూట డెబ్బై. “యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది. ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ ఇస్తున్నాం. తగ్గకపోతే రేపు ఆపరేషన్ చేసి బిడ్డను తీసేయాలి” అంది డాక్టరమ్మ.

“ఇంకా నెలుంది కదమ్మా! ఫైలు మొత్తం దిగనేదు!”

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. “చాలావరకు దిగింది తాతా. మిగతాది బయట దించుకుందాం.”

శుక్రవారం మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. కిలో ఎనిమిది వందలు. ఆ వెంటనే బుదరికి ఫిట్స్ వచ్చాయి, ఐసీయూకి తీసుకుపోయారు. దాని పెనిమిటి రక్తం కోసం విశాఖ దిగాడు. ఇక మిగిలింది నేను. నర్సు వచ్చి, “తాతా, సొక్కా ఇప్పు. ఒళ్లు సుబ్రంగా తుడుసుకో. పసిగుంటకి వెచ్చదనం కావాల” అంది.

“నేనేటమ్మా? ఎముకలే ఉన్నాయి.”

“ఎముకలకీ వేడుంటాది. బేగి ఇప్పు.”

పిల్లను నా ఛాతీ మీద పడుకోబెట్టి గుడ్డతో కట్టింది. పిట్టంత బరువు. సాయంత్రమంతా కదలలేదు. దగ్గు వస్తే మింగేశాను.

బుదరి ఆదివారం కళ్లు తెరిచింది. “రీస్టార్ట్ అయినాను తాతా. గుంటది ఏ వారం?”

“సుక్కురారం.”

“సుక్రి” అంది. చావు అంచు దాకా పోయి వచ్చిన తల్లి పెట్టిన పేరు అది.

డిశ్చార్జి కాగితం తీసుకుని గుమాస్తా దగ్గరకు పోయాను. “శుక్రవారం సర్వర్ డౌన్ తాతా, మర్నాడు ఎక్కించాం. ఒక్క రోజుకి ఏటైపోద్ది? శనారం పేరే ఎట్టి సన్ని అని పిలుసుకో” అన్నాడు.

“శనివారం పుడితే, శుక్రవారం నా గుండెల మీద పడుకున్నదెవులు?” అన్నాను.

నా చిన్నప్పుడు ఎవరో గుమాస్తా వచ్చి మా ఊరందరికీ జులై ఒకటో తేదీనే పుట్టినరోజుగా రాసి పోయాడు. అప్పుడు నాకు అక్షరం రాదు, ఊరుకున్నాను. తర్వాత సొంతంగా నేర్చుకున్నది ఊరుకోడానికి కాదు. ఆసుపత్రికి మూడు అర్జీలు రాశాను.

సుక్రికి ఇప్పుడు ఏడో నెల. నా మీసం పట్టుకుంటే వదలదు. బుదరి బీపీ మాత్ర ఇంకా వేసుకుంటోంది, సెంటర్‌కు వెళుతోంది. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. కడుపుతో ఉన్న పిల్ల తలనొప్పి, కంటిమసక అంటే, ఎంత నవ్వుతూ చెప్పినా మీరు నవ్వకండి. ఆ పూటే బీపీ చూపించండి.

మూడో అర్జీకి డాక్టరమ్మ పోయిన వారం జవాబు రాసింది:

“తాతగారికి నమస్కారం. తేదీ శుక్రవారంగా సరిచేసి సర్టిఫికెట్ జతపరిచాం. కంప్యూటర్లో ఆ రోజు ఏమీ లేదు. నర్సు చేత్తో రాసుకున్న కాగితం వెతికించాను. అందులో ఇలా ఉంది: శుక్రవారం, సాయంత్రం ఐదు. పాప తాత దగ్గర. ఒళ్లు వెచ్చగా ఉంది. పాప నిద్రపోయింది. తాత ఏడుస్తున్నాడు.”