పాటకు బరువెక్కించిన రోజులు

మా కీబోర్డన్న బుర్రలోకి పాట బరువుగా ఉండాలన్న మాట ఎవరు ఎక్కించారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్లింటికి వెళ్లి నాలుగు మాటలు అడిగి వచ్చేదాన్ని. అంతకుముందు మా పాటలు తేలిగ్గానే ఉండేవి. తేలిగ్గా ఉన్నందుకు వాటికి ఏ రోగమూ రాలేదు.

మేం నలుగురం. కీబోర్డన్నది జనగామలో కిరాణా హోల్‌సేల్ కుటుంబం. కింద దుకాణంలో నూనె డబ్బాలు, బెల్లం దిమ్మెలు. మీది గదిలో మా సాధన. గిటారు వాయించే అన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి వచ్చేవాడు. ఇంకొకాయన జఫర్‌గఢ్ ఆయన, ఒక చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే చేతులతో వాయించేవాడు. పాడేది నేను. దంతాలపల్లి దగ్గరి తండా పిల్లను, జనగామ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. సినిమా పాటలు ముట్టం, మా పాటలు మేమే కట్టుకుంటాం అన్నది మా గొప్ప. ఆలస్యంగా వచ్చే ప్యాసింజర్ మీద ఒకటి, హాస్టల్ పప్పుచారు మీద ఒకటి, అట్లాంటివి. కాలేజీల్లో పాడేవాళ్లం. ఇంటర్నెట్‌లో పెడితే మా దోస్తులూ వాళ్ల దోస్తులూ విని బాగుందనేవారు. అంతకు మించి మాకెవరికీ అక్కర లేకుండేది, కీబోర్డన్నకు తప్ప.

ఆ పాటల్లో ఒకటి నేను కట్టింది. మా భాషలో అమ్మను యాడి అంటాం. మా యాడి మిరపకాయలు ఏరే పనికి పోయేది. సాయంత్రం ఇంటికొచ్చాక ఎంత కడుక్కున్నా చేతుల మంట పోయేది కాదు. చిన్నప్పుడు నేను ఏడిస్తే నా మొహం చేతులతో తాకేది కాదు, మోచేత్తో కళ్లు తుడిచేది. పాటంతా అంతే. యాడీ, చేతులొద్దు, మోచేత్తో తుడువు. సగం మా భాష, సగం తెలుగు. పక్కన పడుకున్న మనిషికి చెప్పినట్టు, గొంతు లేపకుండా పాడాలి. పెట్టె వాయించే అన్న దానికి వేళ్ల కొసలు మాత్రమే వాడేవాడు.

ఆ పాట మా యాడి వినలేదు. మా బావి ఎండిపోయాక ఆమె మేస్త్రి వెంట భూపాలపల్లికి ఇళ్లు కట్టే కూలి పనికి పోయింది, అక్కడే టార్పాలిన్ గుడిసెలో ఉండేది. నీ మీద పాట కట్టిన అని ఫోన్లో చెప్పాను. పాడమంటుందేమో అనుకున్నాను.

"ఫోన్ల వద్దు. గిందుల సగం మాట ఇనొస్తది, సగం రాదు. ఎదురుంగ కూసోని పాడు" అంది.

అప్పటినుంచి నాకదే పని. ఎట్లాగైనా ఆమె ముందు కూర్చుని ఆ పాట పాడాలి. ఆమెకు సెలవు దొరికితే నాకు పరీక్షలు, నాకు సెలవులొస్తే ఆమెకు స్లాబు పని.

ఇంతలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చింది. వచ్చిందంటే ముందు లేదని కాదు, కాలేజీ గేట్లు మూతపడి, రోడ్ల మీద వంటలు చేసి, ప్రతి ఊళ్లో టెంటు పడే దాకా వచ్చింది. మా తండా వాళ్లంతా ట్రాక్టర్లెక్కి పోయారు. నేనూ పోయాను. దాని మీద నాకు ఒక్క చెడ్డ మాట లేదు. నా కోపమంతా మా దుకాణం మీది గది మీదే.

మహబూబాబాద్‌లో ఒక సభలో మాకు పాడే అవకాశం దొరికింది. కీబోర్డన్న ఆ జనాన్ని చూసి కూడా ప్యాసింజర్ రైలు పాట ఎత్తుకున్నాడు. ఊరు ఊరంతా రాష్ట్రం కోసం రోడ్డు మీద కూర్చుని ఉంటే, మేం బండి లేటైందని పాడుతున్నాం. రెండో చరణం దాటక ముందే ఒక పెద్దమనిషి వచ్చి, మంచిగున్నది తమ్మీ, జర మైకియ్యి అని తీసుకున్నాడు. అది న్యాయమే. ఏ పాట ఎక్కడ పాడాలో తెలియకపోతే మైకు గుంజుకోరా మరి?

కీబోర్డన్నకు మాత్రం తప్పు పాటలో కనపడింది. "మన సౌండ్ల వజన్ లేదు. ఆర్కెస్ట్రా లెక్క ఉండాలె. మనిషి లేచి నిలబడాలె" అన్నాడు తిరుగు ప్రయాణంలో.

ఈ మాటల్లో నాకు ఇంకో సంగతికి నవ్వొచ్చింది. మొన్నటిదాకా నేను పాటలో 'వచ్చినం' అంటే 'వచ్చాం' అని దిద్దిన మనిషి ఈయన. మన యాస పెడితే పాట బయట నడవదని చెప్పి నా నోరు కట్టేసిన మనిషి. మహబూబాబాద్ నుంచి జనగామ చేరేసరికి నోటినిండా గిట్ల, గట్ల, గిది, గది. వాళ్ల నాయిన దుకాణంలో పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న మాటలనే కొత్త చొక్కా లెక్క తొడుక్కుని తిరిగాడు. పైగా నేను సరిగ్గా పలకడం లేదని మళ్లీ నన్నే దిద్దాడు.

బరువు పని మొదలైంది. ముందు ఆయన కీబోర్డులో ఒక మీట కనిపెట్టాడు. నొక్కితే వయొలిన్లన్నీ ఒక్కసారి మూలుగుతాయి. ఎడమ చెయ్యి దాని మీద పెట్టి పాట అయ్యేదాకా తీయలేదు. గిటారన్న మోతను గరగరలాడించే ఒక డబ్బా కొనుక్కొచ్చి గిటారు వైరుకు తగిలించాడు, ఇక అది కర్రలకోత మిల్లు. పెట్టె అన్న చెక్కపెట్టెను మూలకు తోసి పెద్ద డ్రమ్ములు తెచ్చుకున్నాడు. కాలేజీ పిల్లల్ని మెడలో కండువాలతో కోరస్‌గా నిలబెట్టారు. ఆ తర్వాత వచ్చారు బ్యాండోళ్లు. పెళ్లి ఊరేగింపులకు పోయే బ్యాండు మేళం, బూరలు, క్లారినెట్లు, అన్నీ.

ఏ పాట మీద ఇవన్నీ ఎక్కించాలి అన్నప్పుడు ఆయన కన్ను నా పాట మీద పడింది. "మిరపకాయ ఉన్నది గదా. మంట. పోరాటానికి గది సెట్ అయితది" అన్నాడు.

"అది చేతుల మంటన్నా."

"ఏ మంటైతేంది" అన్నాడు.

నేను అప్పుడే వద్దనేదాన్ని. కానీ అదే నోటితో ఆయన భూపాలపల్లిలో సభ ఉందన్నాడు. మా యాడి ఉన్న ఊరు. మధ్యాహ్నం సభ, పూట పని మానుకుంటే రాగలదు. ఎదురుగా కూర్చుని వింటానంది, స్టేజీ ముందు కూర్చోవడం కూడా ఎదురే కదా అనుకున్నాను. సరే అన్నాను.

మొదటి సాధన ఒక ఫంక్షన్ హాల్లో. బ్యాండ్ మాస్టరు మీసం దువ్వుకుంటూ నన్ను ఒకసారి పాడమన్నాడు. పాడాను. విన్నాడు. తన వాళ్ల వైపు తిరిగి చెయ్యి ఊపాడు. అంతే, బూరలు, క్లారినెట్లు, ఉన్నవన్నీ కలిసి నా పాటనే వాయించాయి. వెనక ఏదో తోడుగా కాదు, నేను పాడాల్సిన వరసనే, మాట మాటకూ. పెళ్లి ఊరేగింపులో పాడే మనిషి ఉండదు కదా, బూరే పాడుతుంది. వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. ఎవరు ఏం వాయించాలో చెప్పాల్సిన మనిషి మా కీబోర్డన్న. ఆయన మనుషుల్ని ఎక్కువమందిని పోగేస్తే ఆర్కెస్ట్రా అదే తయారవుతుందనుకున్నాడు, బస్తాలు పేరిస్తే గోదాము నిండినట్టు.

"అన్నా, అందరూ నా వరసే వాయిస్తున్నరు. నేనేం చెయ్యాలె?" అని అడిగాను.

"నువ్వు గట్టిగ పాడు" అన్నాడు.

మాస్టరు ఇంకా నయం, దాచుకోలేదు. "పాప పాడకున్నా నడుస్తది సార్" అన్నాడు సంతోషంగా.

బూరలకు నా శ్రుతి కుదరలేదన్నారు. పైకి లేపారు. నా పాట నా గొంతుకు అందని చోటికి పోయింది. అందుకోవడానికి అరవాలి, అరిస్తే మైకు మీద డ్రమ్ము మోత పడుతుంది, ఇంకా అరవాలి. నడక కూడా మారింది, నలుగురు జెండా పట్టుకుని పోతున్నట్టు. రోజూ సాయంత్రం ఇదే. హాస్టల్‌కు పోయాక మాట వచ్చేది కాదు, వేడినీళ్లు తాగి పడుకునేదాన్ని. కీబోర్డన్న మాత్రం కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆయన మొహంలో ఉన్న తృప్తి చూస్తే ఒళ్లు మండేది. చివర్లో చేతులు పైకెత్తి అందరం ఆగాలి, వయొలిన్ల మీట మాత్రం కాసేపు మోగుతూనే ఉండాలి. దాన్ని ఆయన ఫీలింగ్ అనేవాడు.

భూపాలపల్లికి పోయేరోజు నా చేతికి అద్దాల లంగా, రవిక ఇచ్చారు. డ్రామాల వాళ్ల దగ్గర కిరాయికి తెచ్చింది. అట్లాంటివి మా అవ్వ కట్టేది, నేను ఎప్పుడూ కట్టలేదు. తండా కనపడాలె చెల్లే అన్నాడు కీబోర్డన్న. తండా మాట వినపడకుండా అంత కష్టపడ్డవాడికి కనపడటం మీద ఇంత పట్టుదల ఎందుకో. ఒంటికి గుచ్చుకుంటున్నా కట్టుకున్నాను, యాడి వస్తుందని.

వచ్చింది. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, ఉతికిన చీరలో, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. నేను చెయ్యెత్తి చూపిస్తే పక్కనామెకు చెప్పుకుంది. పాట మొదలైంది. నేను పాడాను, గొంతు నరాలు తేలేలా పాడాను. జనం నిజంగానే లేచి నిలబడ్డారు. కీబోర్డన్న కోరుకున్నది ఆయనకు దొరికింది. అందరూ లేచేసరికి మా యాడి నాకు కనపడలేదు.

దిగి పరుగున పోయాను. స్టేజీ వెనక సామాను లారీ నీడలో నిలబడి ఉంది. కొంగుతో నా చెమట తుడిచి, లంగా అద్దాలు వేలితో తాకి చూసింది.

"బ్యాండోళ్లు మంచిగ కొట్టిన్రు" అంది. "నీ పాట ఎప్పుడున్నది? నేను మల్ల పనికి పోవాలె."

"అదే యాడీ. అయిపోయింది."

ఆమె మొహంలో అబద్ధం లేదు, వెటకారం లేదు. ఆమెకు నిజంగా తెలియలేదు. లారీ చక్రం పక్కన చీర కొంగు దులిపి కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"అయితే ఇప్పుడు పాడు. ఎదురుంగనే ఉన్న గదా."

అవతల ఎవరో ప్రసంగిస్తున్నారు. ఇటువైపు ఎవరూ లేరు. బూరలు సంచుల్లోకి పోయాయి, డ్రమ్ములు లారీ ఎక్కాయి. ఇన్నాళ్లు నేను కోరుకున్నది ఇదే. మోకాళ్లు ఆమె మోకాళ్లకు తగిలేంత దగ్గర కూర్చుని ఎత్తుకున్నాను.

యాడీ, చేతులొద్దు.

బీడీ ముట్టించుకుంటున్న లారీ డ్రైవరు ఉలిక్కిపడి ఇటు చూశాడు. మా యాడి తల వెనక్కి జరిగింది. రెండో మాట ఇంకా పైనుంచి వచ్చింది, ఆ జెండాల నడకలోనే. ఆమె నా మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"మెల్లగ బిడ్డా. నేను పక్కల్నే ఉన్న."

మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ. ఎంత తగ్గించబోయినా ఆ పాట మెల్లగా రాలేదు.