బీదర్ నుంచి హైదరాబాద్‌కు, గర్భసంచి దక్కించుకోవడానికి

బీదర్‌లో చూపించుకున్న డాక్టరమ్మ స్కాన్ కాగితం సరిగా చూడకుండానే "గర్భసంచి తీసేద్దాం" అంది. నాకు ముప్పై ఒకటి, ఇంకా పిల్లలు లేరు. నెలలో సగం రోజులు రక్తం పోతున్నది నిజమే. లోపల పాలిప్, అంటే చిన్న కండ పెరిగిందన్నదీ నిజమే. దానికి సంచి మొత్తం ఎందుకు తీయాలట? నిర్ణా ఊళ్లో వ్యవసాయం చేసే మా సుశీలక్కదీ అదే పాట. "నాది తీసి ఆరేండ్లాయె, పీడ పోయింది. నువ్వేమన్న కొత్తనా?" ఒళ్లు మండిపోయింది. హైదరాబాద్ పోదాం పద అన్నాను. గొణుక్కుంటూనే తోడొచ్చింది.

బీదర్‌లోని మా చిద్రి నుంచి ఆటోలో బస్టాండుకు, పొద్దున ఐదున్నర బస్సెక్కి జహీరాబాద్ మీదుగా తొమ్మిదికి లింగంపల్లి. టికెట్టు నూట ఇరవై. అక్కడ ఎటు చూసినా క్రేన్లు, అద్దాల మేడలు. "మొన్నటిదాంక గీడ జొన్న చేన్లుండె అక్కా, ఇప్పుడన్నీ దవాఖానలే" అన్నాడు ఆటో డ్రైవరు. మా వైపు మాత్రం ఒక్కటైనా రాలేదే!

మా చర్చి ఆడవాళ్లు నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టారని నేనూ ఏమీ తినలేదు. ఇక్కడి దవాఖానలో డాక్టరు కోప్పడి, ఇడ్లీ తిని రమ్మని పంపింది. పాలిప్ ఒక్కటే తీస్తే చాలట, దీనికి మత్తు ఇవ్వరట, ఖాళీ కడుపైతే కళ్లు తిరుగుతాయట. పరికరాలు రెండు రకాలని చెప్పింది. ఒకటి సన్నటి తీగ. కరెంటుతో కోస్తుంది, ముక్కను తర్వాత విడిగా లాగాలి. రెండోది కొత్తది, గొట్టంలో తిరిగే బ్లేడు. కోస్తూనే ముక్కల్ని పీల్చేస్తుంది, త్వరగా అవుతుంది, నొప్పి తక్కువ. బ్లేడు ఒక్కరికే వాడతారు కనుక ఖర్చెక్కువ. నేను రెండోదే అడిగాను.

అక్క నా చెయ్యి పట్టుకుని, లోపలి కెమెరా చూపే తెర చూస్తూ నిలబడింది. నెలసరి నొప్పిలాంటిదే, పళ్లు బిగబట్టాను. పది నిమిషాల్లో శనగ గింజంత కండ మాయమైంది. ముక్కల్ని పరీక్షకు పంపారు.

"గింతేనా డాక్టరమ్మా? నాది గూడ గిదే అన్నరు. సంచే తీసిండ్రు గద!" అంది అక్క.

తిరుగు బస్సులో అక్క ఏడ్చింది. "ఇంకో బిడ్డ కావాల్నని ఎంత ప్రార్థన చేసిన. ఊర్లె ఇంకో నలుగుర్ని సంచి తీయించనీకి నేనే తోల్కపోయిన చెల్లె."

కొందరికి సంచి తీయక తప్పదేమో, అందరి జబ్బూ ఒకటి కాదు. కానీ నా మనసు కుదుటపడ్డ రోజే అక్క గుండె పగిలింది, ఆ పాపం ఎవరిదో నాకు తెలుసు. వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా: పాలిప్ ఎంతుంది, దాన్నొక్కదాన్నే తీస్తే చాలదా అని అడగందే సంతకం పెట్టకండి. ఆరేళ్ల కింద ఆపరేషన్‌కు ముందు అక్కకిచ్చిన కాగితం కన్నడంలో ఉండింది. దాన్ని తెలుగులో చదివి వినిపించి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపింది నేనే.