ఆక్సిజన్ బండకు బొట్టు

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా ఆయన ఇప్పుడు లేడు. బతికున్నన్నాళ్ళూ గ్యాస్ కటింగ్ మేస్త్రీ. స్టీల్‌ప్లాంట్ కడుతున్న రోజుల్లో గాజువాక రోడ్డు పక్కన చిన్న రేకుల షెడ్డు వేసుకున్నాం. ఇనుము కోయడమే పని. అందులో రెండు బండలు నిలబడి ఉండేవి. ఒకటి మంట పుట్టించే గ్యాసుది, రెండోది నల్లటి ఆక్సిజన్ బండ.

ఆ నల్లబండ దగ్గరికి నూనె చేతులతో ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నేను తలకు నూనె రాసుకున్న రోజైతే అన్నం క్యారేజీ గుమ్మంలోనే పెట్టి పిలిచేదాన్ని. నూనె తగిలిన మూతి తిప్పితే నిప్పు లేకుండానే అంటుకుంటుందట. పక్క షెడ్డులో ఒకాయన చెయ్యి అలాగే కాలిపోయింది.

ఒక ఏడు దసరాకు మా అత్త పల్లె నుంచి వచ్చి దువ్వాడలో రైలు దిగింది. కొడుకు షెడ్డులో ఆయుధపూజ తన చేత్తోనే చెయ్యాలని ఆవిడ ముచ్చట. నేను కొబ్బరికాయ కొనుక్కొచ్చేసరికి సుత్తికీ పట్టుకారుకీ అన్నిటికీ బొట్లు పెట్టేసింది. ఊళ్ళో నాగలికి పెట్టినట్టే, రాలిపోకుండా కుంకుమను నువ్వుల నూనెలో కలిపింది. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని, మొదటి మంట వెలిగించడానికి నల్లబండ మీద మూతి తిప్పే తాళంచెవి పెట్టాడు. మూతి కింద ఎర్రగా ఏదో మెరుస్తోంది. ఆయన చూడలేదు.

"మావా, తిప్పకు! నూని!" అని అరిచి చెయ్యి పట్టుకు లాగేశాను. కొబ్బరికాయ ఎటో దొర్లిపోయింది.

ఆయన వంగి చూశాడు. ముఖం పాలిపోయింది.

అత్తకు కోపమొచ్చింది. "దేవుడి బొట్టుకాడ ఆ కేకలేటే? నానేటి తప్పు సేసినాను?"

"అమ్మా, ఇందులో ఉన్నది మనం పీల్సే గాలే. గట్టిగా కూరేసినారు. నూని తగిల్తే భగ్గుమంతాది."

"మనం పీల్సేదేనా? మరి నాను రోజూ నూని కూరలే తింతన్నాను. నానెందుకు మండిపోలేదురా?"

"నువ్వు మండనిదెప్పుడత్తా?" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. అత్త కూడా నవ్వింది గానీ, కొడుకు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలాసేపు వదల్లేదు.

నూనె తగిలిందని చెప్పి, ఆ బండను తిప్పకుండానే గ్యాసు కొట్టుకు వెనక్కి పంపేశాడు. ఆ పండక్కి మంట వెలగలేదు. పులిహోర మాత్రం షెడ్డులోనే కూర్చుని తిన్నాం.

మరుసటి దసరాకు అత్త మళ్ళీ దిగింది. తలకు నూనె లేనిదే గడప దాటని మనిషి, జుట్టంతా పీచులా ఎగురుతోంది.

"ఏటత్తా, నూని రాసుకోలేదేటి?"

"కుంకుడుకాయల్తో రుద్దుకున్నానే. నా కొడుకు గాలిబండకి బొట్టెట్టొద్దేటి?"

కుంకుమను నీళ్ళతో తడిపి బండ పొట్ట మీద పెట్టింది, మూతికి బాగా కిందుగా. చేతులు చీరకు తుడుచుకుని నా పక్కకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు తిప్పురా," అంది.

ఆయన తిప్పాడు. గ్యాసు వదిలి వెలిగిస్తే, ఇనుము కోసే గొట్టం కొసన సన్నటి నీలం మంట లేచింది.